వెయ్యేండ్లూ, ఆ తరువాతి కొంచెం కాలమూ

మా ఎం.ఏ. తరగతిలో అనువాద పాఠం జరుగుతుండగా ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. ఆమెది మూడు తరాలుగా తమిళనాట స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబం. ఇంట్లో ప్రార్థన తెలుగులో, బడిచదువంతా తమిళంలో సాగినందువల్ల బైబిలును రెండు భాషల్లోనూ పక్కపక్కన పెట్టుకుని చదవడం ఆమెకు అలవాటు. ప్రకటన గ్రంథం ఇరవయ్యో అధ్యాయం మీద చిన్న వ్యాసం రాసి తెచ్చి, ఇచ్చేముందు మమ్మల్ని అడిగింది: "సాతానును వెయ్యేళ్లు కట్టి పడేశారు, బాగానే ఉంది సార్. మళ్లీ ఎందుకు విప్పడం?" తరగతి నవ్వింది. మేము కూడా నవ్వాం. ఆ రోజు నవ్వుతోనే తప్పించుకున్నాం గాని, ప్రశ్న నవ్వులాటది కాదు. పదహారు పదిహేడు వందల ఏళ్లుగా క్రైస్తవ వ్యాఖ్యాతలను వేధించిన ప్రశ్నే అది.

ఆ అధ్యాయంలోని కథ పొట్టిది. ఒక దేవదూత అగాధపు తాళపుచెవి, పెద్ద సంకెల చేతబట్టుకుని దిగివస్తాడు. సాతానును పట్టి, కట్టి, అగాధంలో పడదోసి, మూసి, ముద్ర వేస్తాడు. విశ్వాసం కోసం తల నరికించుకున్నవారు లేచి క్రీస్తుతో కూడ వెయ్యేళ్లు రాజ్యం చేస్తారు. అవి తీరాక సాతాను విడుదలవుతాడు. భూమి నాలుగు దిక్కులా ఉన్న జనాలను, గోగు మాగోగులను, మళ్లీ మోసపుచ్చి యుద్ధానికి కూడగడతాడు. వాళ్ల సంఖ్య సముద్రపు ఇసుకంత. ఆకాశం నుండి అగ్ని దిగి వాళ్లను దహిస్తుంది. ఆ తరువాతనే అంతిమ తీర్పు. వెయ్యి అనే సంఖ్య ఈ కొద్ది వచనాల్లో ఆరుసార్లు వస్తుంది. బైబిలులో మరెక్కడా ఈ వెయ్యేళ్ల రాజ్యం ఇంత స్పష్టంగా కనిపించదు. ఇంత చిన్న పునాది మీద ఇంత పెద్ద వాదాల మేడలు లేవడం ఆశ్చర్యమే.

వ్యాఖ్యల్లోకి వెళ్లేముందు మాటల సంగతి చూద్దాం. అది మా వృత్తి. పైగా మా పాఠకుల్లో ఎక్కువమంది రెండు భాషల మధ్య బతికేవారే. సాతాను హీబ్రూ మాట, ఎదిరించేవాడని అర్థం. దానికి జతగా గ్రీకులో ఉన్న మాటకు కొండెములు చెప్పేవాడని అర్థం. తెలుగు అనువాదకులు దానిని 'అపవాది' అన్నారు. అపవాదు వేసేవాడు అపవాది. వ్యుత్పత్తిని ఇంత చక్కగా పట్టిన మాట మన బైబిలులో అరుదు. మహాసర్పాన్ని తెలుగులోనూ కన్నడంలోనూ 'ఘటసర్పం' అన్నారు. తమిళులు 'వలుసర్పం' అన్నారు, బలమైన పాము అని. (మహారాష్ట్రలోని మన విద్యార్థులు ఘటసర్పం అనగానే ఉలిక్కిపడతారేమో. మరాఠీలో అది డిఫ్తీరియా అనే గొంతుజబ్బు పేరు.) అన్నిటికంటే విలువైన తేడా ఆ చెరసాల పేరులో ఉంది. తమిళ బైబిలు దానిని 'పాతాళం' అంటుంది; తెలుగు 'అగాధం' అంటుంది. పాతాళం పురాణ భూగోళంలో ఒక చోటు. దానికి పైన ఇతర లోకాలున్నాయి, కొలతలున్నాయి, కాపురముండేవాళ్లున్నారు. 'గాధ' అంటే కాలు ఆనే లోతు, దాటదగిన నీరు. అది లేనిది అగాధం. గ్రీకు మూలపదం కూడా ఇదే పద్ధతిలో, అడుగు అనే మాట ముందు నిషేధాన్ని చేర్చి కట్టిందే. తెలుగు అనువాదకుడు చోటు పేరు చెప్పలేదు, కాలు ఆనకపోవడాన్ని చెప్పాడు. ఈ మాట మనకు ముందు పనికివస్తుంది.

వెయ్యేళ్ల రాజ్యాన్ని తొలి క్రైస్తవుల్లో చాలామంది అక్షరాలా నమ్మారు. ఫ్రిగియాలోని హియెరాపొలిస్‌కు బిషప్పుగా ఉన్న పాపియాస్ ఆ రోజుల్లో కాసే ద్రాక్షతోటలను వర్ణించాడు. ఒక్కొక్క తీగకు పదివేల కొమ్మలు, ఒక్కొక్క కొమ్మకు పదివేల రెమ్మలు, అలా పెంచుకుంటూ పోయి ఒక్క ద్రాక్షపండు పిండితే 25 కొలతల రసం వస్తుందన్నాడు. చరిత్రకారుడు యుసేబియస్‌కు ఇది నచ్చలేదు. పాపియాస్‌ది కురచ తెలివి అని తేల్చేశాడు. యుసేబియస్ తీర్పుతో ఏకీభవించడం సులభం. కాని ఆ ద్రాక్షల సంగతిని మనకు భద్రపరచి అందించిన ఐరేనియస్‌ను అలా తీసిపారేయలేం.

ఐరేనియస్ గాల్ దేశపు లియోన్ నగరానికి బిషప్పు. 177లో అక్కడ క్రైస్తవులను చిత్రహింసలు పెట్టి చంపారు. అంతకుముందు బిషప్పుగా ఉన్న తొంభై ఏళ్లు దాటిన పోథినస్ చెరసాలలో ప్రాణం విడిచాడు. ఆ స్థానంలోకి వచ్చినవాడు ఐరేనియస్. 180 ప్రాంతంలో, భిన్నమతాలను ఖండిస్తూ రాసిన గ్రంథం చివరి భాగంలో ఆయన వెయ్యేళ్ల రాజ్యాన్ని సమర్థించాడు. వాదం తిన్ననిది. నీతిమంతులు ఏ సృష్టిలో శ్రమపడ్డారో, ఏ సృష్టిలో దాస్యం చేశారో, ఏ సృష్టిలో చంపబడ్డారో ఆ సృష్టిలోనే ఫలం అనుభవించడం న్యాయం అంటాడు. ఫలం మరో లోకంలో ముడితే ఈ భూమికి జరగవలసిన న్యాయం జరగనట్టే. ఆయన ద్రాక్షలను పట్టుకుని నవ్వేవారు ఈ వాక్యాన్ని దాటిపోతున్నారని మా అభియోగం. శరీరం చెడ్డది, పదార్థం చెడ్డది అని బోధించేవారికి ఆయన ఇచ్చిన జవాబులో ఇది భాగం. చెడు పదార్థంలో లేదు గనుక, పదార్థాన్ని వదిలి పారిపోవడం చెడుకు మందు కాదు.

ఈ వాదాన్ని పక్కకు నెట్టినవాడు అగస్టీన్. పడమటి క్రైస్తవంలో వెయ్యేళ్ల మాట ఎత్తితే ఆయన్ను దాటి వెళ్లలేం. 410లో అలారిక్ సేనలు రోమ్‌ను కొల్లగొట్టాయి. పాత దేవతలను విడిచినందుకే ఈ గతి పట్టిందన్న నిందకు సమాధానంగా ఆయన 413లో 'దైవనగరం' మొదలుపెట్టి 426 నాటికి 22 సంపుటాలుగా ముగించాడు. ఇరవయ్యో సంపుటంలో మన అధ్యాయాన్ని చేపట్టాడు. తానూ ఒకప్పుడు వెయ్యేళ్ల విశ్రాంతిని నమ్మినవాడినేనని ఒప్పుకున్నాడు. ఆ విశ్రాంతిలో ఆత్మానందం మాత్రమే చెప్పి ఉంటే సహించవచ్చు గాని, విందులూ విలాసాలూ చెప్పేవారితో పొత్తు కుదరదన్నాడు. తరువాత అధ్యాయం మొత్తాన్ని తలకిందులు చేశాడు. ఈ మలుపులో డొనాటిస్టు పండితుడు టికోనియస్ అంతకుముందు రాసిన వ్యాఖ్యకు ఆయన ఎంతో రుణపడి ఉన్నాడు. తాను ఖండించిన వర్గం వాడి దగ్గరే నేర్చుకోవడం అగస్టీన్ గొప్పతనం అనుకుందాం.

ఆ మలుపు ఏమిటంటే, వెయ్యేళ్లు రాబోయేవి కావు, జరుగుతున్నవే. బలవంతుని బంధించాకనే వాని ఇల్లు దోచవచ్చునని క్రీస్తు చెప్పిన ఉపమానాన్ని ఆధారం చేసుకుని, సాతాను కట్టు క్రీస్తు రాకతోనే మొదలైందని ఆయన అన్నాడు. వెయ్యి అన్నది లెక్క కాదు. పదిని పదితో, మళ్లీ పదితో హెచ్చవేస్తే వచ్చే నిండు సంఖ్య. క్రీస్తు మొదటి రాకకూ రెండో రాకకూ నడుమ కాలమంతటికీ అది గుర్తు. మొదటి పునరుత్థానం అంటే పాపంలో చచ్చిన ఆత్మ ఇప్పుడు లేవడం. రాజ్యం అంటే సంఘం.

మరి కట్టినవాడు కట్టినట్టే ఉంటే ఈ చెడంతా ఎక్కడిది? అగస్టీన్ తప్పించుకోలేదు. అగాధం అంటే ఏమిటని ప్రశ్నించుకుని, దుర్మార్గుల హృదయాలే అగాధమన్నాడు. దేవుని సంఘం మీద ద్వేషంతో అడుగు తెలియనంత లోతుకు పోయిన లెక్కలేనన్ని మనసులు అవి. సాతాను అంతకుముందు అక్కడ లేడని కాదు. విశ్వాసులను పాడుచేయకుండా ఆపడంతో మిగిలినవారిని మరింత గట్టిగా పట్టుకున్నాడని అర్థం చెప్పాడు. ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ చదువులో చెరసాల మనిషి లోపలికి వచ్చేసింది. కట్టు వల్ల చెడు తగ్గలేదు, ఒకచోట చిక్కబడింది. సాతాను ప్రయాణం ఆగింది గాని వాడి నివాసం ఖరారైంది. మన 'అగాధం' ఈ వ్యాఖ్యను మోయగలదు, కాలు ఆనని మనసు అనడం తెలుగులో సహజంగానే ఉంటుంది గనుక. తమిళ 'పాతాళం' అంత తేలికగా మోయలేదు. తన లోపల పాతాళం ఉందని ఎవరైనా అంటే కవిత్వం చెబుతున్నాడనుకుంటాం.

మానసిక సత్యంగా ఇది గొప్ప వ్యాఖ్య. చెడును దూరపు రాక్షసుడికి అప్పగించి చేతులు దులుపుకునే సౌకర్యాన్ని తీసేసింది. సంఘం లోపల కూడా గోధుమలతో గురుగులు కలిసి పెరుగుతున్నాయని అగస్టీన్ మళ్లీ మళ్లీ చెప్పాడు. సంఘం స్వచ్ఛమైనదని ఎక్కడా నటించలేదు. తేదీలు కట్టేవారి నోరు కూడా కట్టాడు. దానికి మనం కృతజ్ఞత చెప్పాలి. 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు కాచుకుని కూర్చుని, మర్నాడు ఏడ్చిన సంగతి తెలిసినవారికి ఆ మేలు అర్థమవుతుంది.

కాని అగస్టీన్ చదువులో ఒకచోట మాకు గట్టి అభ్యంతరం ఉంది. మూలంలో యోహాను సింహాసనాలను చూస్తాడు, వాటిమీద కూర్చున్నవారిని చూస్తాడు, వెంటనే తల నరికించుకున్నవారి ఆత్మలను చూస్తాడు. గ్రీకులో ఉన్నది గొడ్డలిదెబ్బను సూచించే క్రియ. రోమన్ దండన అది. అంటే వెయ్యేళ్ల రాజ్యం మొదట చంపబడినవారికి చెల్లవలసిన బాకీ. అగస్టీన్ ఏం చేశాడు? సింహాసనాలంటే ఇప్పుడు సంఘాన్ని పాలిస్తున్న అధిపతుల ఆసనాలన్నాడు. హతసాక్షుల పేరు చెప్పి మృతులైన విశ్వాసులందరినీ సూచించారన్నాడు. ఒక్క అలంకారసూత్రంతో, భాగం చెప్పి మొత్తాన్ని సూచించడం అనే సూత్రంతో, గొడ్డలి కనుమరుగైంది, గద్దె మిగిలింది. బాధితుడి కోసం వేసిన పీట మీద బిషప్పు కూర్చున్నాడు.

ఇది వ్యాకరణ చర్చగా మిగిలిపోలేదు. మొదట్లో మతంలో బలవంతం కూడదన్న అగస్టీన్, 408 ప్రాంతానికి డొనాటిస్టులను రాజ్యబలంతో సంఘంలోకి రప్పించడాన్ని సమర్థిస్తూ ఉత్తరాలు రాశాడు. 411లో కార్తేజ్‌లో సభ జరిగింది, 412లో చక్రవర్తి హొనోరియస్ శాసనం వారిని నిషేధించింది. గురుగులను కోతదాకా పెరగనివ్వమన్న ఉపమానాన్ని అంతగా వల్లించినవాడు చేసిన పని ఇది. ఇప్పటి సంఘమే క్రీస్తు రాజ్యం అన్న తరువాత రాజ్యం చేసే పనులు సంఘానికి అంటకుండా ఉండవు. చెడు లోపలా ఉందని ఒప్పుకోవడం ఒకటి, ఆ ఒప్పుకోలు అధికారం చేతిని ఆపడం మరొకటి. మొదటిది ఆయన చేశాడు.

అక్షరార్థం పట్టుకున్నవారి చేతులు శుభ్రంగా ఉన్నాయని దీని భావం కాదు. 1534లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరాన్ని అనబాప్తిస్టులు చేజిక్కించుకుని కొత్త యెరూషలేము అన్నారు. యాన్ మత్తీస్ చనిపోయాక లేడెన్‌వాసి యాన్ రాజునని ప్రకటించుకున్నాడు, బహుభార్యాత్వం నడిపాడు, ఎదిరించినవారి తలలు తీయించాడు. 1535 జూన్‌లో నగరం పడింది. నాయకుల శవాలను ఉంచిన మూడు ఇనుప పంజరాలను సెయింట్ లాంబర్ట్ చర్చి గోపురానికి వేలాడదీశారు. అంతకుముందే, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలో లూథర్ పక్షంవారు తీర్పుకు ముందే భూమిమీద భక్తుల రాజ్యం వస్తుందన్న బోధను ఖండించి ఉన్నారు. మ్యూన్‌స్టర్‌తో ఆ ఖండనకు సాక్ష్యం కూడా దొరికింది. అక్కడ జరిగిన పొరపాటు అగస్టీన్ పొరపాటుకు అన్నదమ్ము వరస అని మా అభిప్రాయం. ఇద్దరూ రాజ్యం ఇప్పుడే వచ్చిందన్నారు, ఒకరు ఉపమానంగా, ఒకరు కత్తితో.

మూడో పక్షం సంగతి తొందరగా చెప్పుకోవచ్చు. సువార్త క్రమంగా లోకమంతా వ్యాపించి వెయ్యేళ్ల మంచికాలం వస్తుందని, క్రీస్తు ఆ తరువాత వస్తాడని 18వ శతాబ్దంలో డేనియల్ విట్‌బీ, జోనతన్ ఎడ్వర్డ్స్ వంటివారు బోధించారు. ఆ ఉత్సాహపు గాలి మిషనరీ ఓడల తెరచాపలను నింపింది. 1818లో సెరాంపూర్ ముద్రణాలయం నుండి వెలువడిన తెలుగు కొత్త నిబంధన ఆ యుగపు ఫలమే. 1914లో క్రైస్తవ రాజ్యాలే ఒకదాని గొంతు ఒకటి పట్టుకున్నాక ఆ నమ్మకంతో నిలబడినవారు బాగా తగ్గిపోయారు.

మన ప్రాంతాల్లో ఎక్కువగా వినిపించే బోధ నాలుగోది. 1830ల నుండి జాన్ నెల్సన్ డార్బీ బోధించినది, 1909లో స్కోఫీల్డ్ బైబిలు అడుగుజ్ఞాపికల ద్వారా లోకమంతా పాకినది. మానవ చరిత్రను ఏడు యుగధర్మాలుగా విభజించి, చివరిది వెయ్యేండ్ల పరిపాలన అంటారు. ఆ ఉద్యమానికీ గోదావరి డెల్టాకూ పాత చుట్టరికం ఉంది. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ప్రోద్బలంతో విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు ఇంగ్లండు నుండి వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో బ్రెద్రెన్ మిషన్‌కు పునాది వేశాయి. వారు డార్బీ శిష్యులని అనడం తప్పు. అదే 1836లో గ్రోవ్స్ డార్బీ సంకుచిత ధోరణిని నిలదీస్తూ ఉత్తరం రాశాడు.

మా చిన్నతనంలో ఒక మహాసభల పందిరిలో ఈ యుగాల పటం చూశాం. తెల్లగుడ్డ మీద వరసగా వలయాలు, బాణాలు. చివరి వలయం పసుపుపచ్చగా పెద్దది, అది వెయ్యేళ్లు. దాని తరువాత సన్నటి ఎర్రగీత, దాని పక్కన చిన్న అక్షరాలతో 'కొంచెము కాలము'. ప్రసంగీకుడు బెత్తం పసుపు వలయం మీద అరగంట నిలిపాడు. ఎర్రగీత దగ్గరకు రాగానే అది చటుక్కున తెల్లసింహాసనం మీదికి గెంతింది. అప్పుడు మాకేమీ తోచలేదు. ఇప్పుడు ఆ గెంతు గుర్తొస్తుంది.

నిజానికి ఆ ఎర్రగీత దగ్గర అక్షరార్థవాదికి చెప్పడానికి ఒక బలమైన మాట ఉంది. స్కోఫీల్డ్ లెక్కలో ప్రతి యుగమూ మనిషి ఓటమితోనే ముగుస్తుంది. వెయ్యేళ్ల యుగం కూడా అంతే. కరువు లేదు, అన్యాయపు రాజు లేడు, మోసపుచ్చేవాడు చెరలో ఉన్నాడు. అయినా పిలుపు రాగానే ఇసుకంత జనం అటు నడిచారు. అంటే చెడుకు పరిసరాలు మాత్రమే కారణం కావు, సాతాను మాత్రమే కారణం కాడు. వెయ్యేళ్లు వినయంగా తల వంచినవారి లోపల ఏదో వంగకుండా నిలిచింది. విచిత్రం ఏమిటంటే, ఎదురెదురుగా నిలిచిన రెండు వ్యాఖ్యలూ ఇక్కడ ఒకేచోటికి చేరాయి. అగస్టీన్ మొదటే మనిషి హృదయంలోకి తెచ్చిన అగాధాన్ని, డార్బీ మార్గంవారు వెయ్యేళ్ల చుట్టు తిరిగి అక్కడే కనుగొన్నారు.

కాని ఎందుకు విప్పాలి? గ్రీకులో అక్కడ ఉన్నది 'తప్పదు' అనే మాట. ఎవరికి తప్పదో, ఎవరు తప్పదన్నారో లేదు. తెలుగులో వాక్యం కర్మణిలో నడిచి 'వలెను'తో ముగుస్తుంది, తమిళంలో 'వేండుం'. కన్నడంలో ఈ పని చేసే మాట 'బేకు'. మూడు భాషల్లోనూ ఆవశ్యకతను చెప్పే ఈ ప్రయోగాలు కోరుకోవడం అనే అర్థం నుండి వచ్చినవే. 'వలయు' అంటే కావాలనుకోవడం కూడా. అందుచేత మన భాషల్లో ఈ వాక్యం వింటే వెనక ఎవరో కోరుతున్నారన్న ధ్వని వస్తుంది. గ్రీకులో లేని కర్తను ద్రావిడ క్రియ తెచ్చిపెట్టింది. ఇది అనువాదకుల దోషం కాదు, భాషల స్వభావం. మా విద్యార్థిని 'ఎందుకు విప్పడం' అన్నప్పుడు ఆమె చెవిలో పడింది ఈ ధ్వనే అయివుంటుంది. కోరినవాడు ఉంటే జవాబు చెప్పవలసినవాడూ ఉంటాడు కదా.

అగస్టీన్ జవాబు ఇది: సాతాను ఎప్పటికీ విడుదల కాకపోతే వాడి బలం ఎంతటిదో, దానిని ఓర్చుకున్న పవిత్ర నగరం బలం ఎంతటిదో తెలిసేది కాదు. ఎంత ప్రబల శత్రువును జయించిందో చూపడానికే చివర విప్పడం. ఈ జవాబు మాకు తృప్తినివ్వలేదు. మల్లుడి బలం చూపడానికి గోదాలోకి ప్రత్యర్థిని దించవచ్చు. కాని ఇక్కడ మోసపోయి దహించుకుపోయేది ఇసుకంత జనం. వాళ్లు ప్రదర్శన కోసం లేరు. అగస్టీన్ ఆ జనం వైపు నుండి ఒక్కసారి కూడా చూడలేదు.

బలిచక్రవర్తి కథతో పోల్చాలని మన విద్యార్థులకు తోచవచ్చు. కట్టబడి, కిందికి తొక్కబడి, మళ్లీ వచ్చేవాడు బలి కూడా. పోలిక అంతటితో సరి. బలికి సుతలం ఇచ్చి, వామనుడు తానే వాకిట కాపలా ఉన్నాడు. సావర్ణి మన్వంతరంలో ఇంద్రపదవి మాట ఇచ్చాడు. కర్ణాటకలో బలిపాడ్యమినాడు దీపాలు పెట్టి అతణ్ణి పిలుస్తారు. అక్కడ తిరిగి రావడం పండగ. యుగాలు చక్రంలా తిరిగేచోట చెడు మళ్లీ రావడం వింత కాదు, వివరణ అడగదు. ఒకే గీతగా సాగి ఒకచోట ముగిసే కాలంలో మాత్రం, ముగింపుకు ముందు ఆ కొంచెం కాలం గొంతులో ముల్లవుతుంది.

మళ్లీ ఐరేనియస్ దగ్గరకు వస్తాం. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతపు మాదిగలు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పనిచేశారు. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ కరువుపనిగా కొంత భాగం కంట్రాక్టు తీసుకున్నాడు. 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. అటువంటి శ్రోత ముందు రెండు వ్యాఖ్యలనూ పెట్టి చూడండి. నీ హృదయంలో రాజ్యం వచ్చేసింది, సింహాసనాల మీద నీ సంఘాధికారులున్నారు అని ఒకరు చెబుతారు. నువ్వు తవ్విన ఈ మట్టిమీదే, నిన్ను అవతలికి నెట్టిన ఈ ఊళ్లోనే నీకు న్యాయం జరగాలి అని మరొకరు చెబుతారు. మొదటి మాట లోతైనది కావచ్చు. రెండో మాట లేకుండా అది అతనికి చేరదు. అగస్టీన్ ఐరేనియస్ ద్రాక్షలను తీసివేయడం సబబే; వాటితోపాటు నేలను కూడా తీసివేశాడు.

ఆ విద్యార్థిని వ్యాసాన్ని మేము దిద్ది తిరిగి ఇచ్చాం. వారం తరువాత మళ్లీ తెచ్చింది. అగస్టీన్ జవాబును నిజాయితీగా సంగ్రహించింది, డార్బీవారి జవాబునూ చెప్పింది. కింద పెన్సిలుతో ఒక వాక్యం ఉంది: ఆ ఇసుకంత జనంలో వెయ్యేళ్లలో ఒక్కరైనా సాతానును చూసి ఉంటారా, చూడనివాణ్ణి ఎలా గుర్తుపట్టి వెంట నడిచారు? మార్జిన్‌లో ఏం రాయాలో తోచక కాగితాన్ని మా బల్లమీదే ఉంచుకున్నాం.